పరుగు కుర్రాళ్ళకు విటమిన్ డి పొట్లాలు: ఇద్దామా, ఆగుదామా?



ఈ మధ్య జరిగిన సమావేశంలో మన దాతల్లో ఒకరు ఒక ప్రతిపాదన పెట్టారు. నిమ్మాడ, టెక్కలి, పలాస వైపు నుంచి ఆర్మీ, పోలీసు ఎంపికల కోసం రోజూ పరుగు తీస్తున్న మన పేద పిల్లలు పాతికమంది దాకా ఉన్నారు. వాళ్ళకు ఇదివరకే బూట్లు కొనిచ్చాం. ఇప్పుడు ఒక్కొక్కరికి రెండు నెలలకు సరిపడా విటమిన్ డి పొట్లాలు కూడా ఇద్దాం, ఒంట్లో సత్తువ వస్తుంది, పరుగు టైము తగ్గుతుంది అన్నారు. పొట్లం ధర పెద్దదేమీ కాదు. చాలామంది తలూపారు. నేను మాత్రం కొంచెం ఆగుదాం అన్నాను. జీవశాస్త్రం చెప్పే మాస్టారు మంచి పనికి అడ్డం పడుతున్నాడేమిటని కొందరికి అనిపించే ఉంటుంది. అధ్యక్షులు గారు నవ్వి, "ఆగమనడానికి కారణమేమిటో సంచికలో పాఠంలా రాయండి, అందరం చదువుకుంటాం" అన్నారు. అందుకని రాస్తున్నాను.

ముందు నా కారణం చెబుతాను. శాస్త్రం తరువాత.

నా దగ్గర పదో తరగతి చదివి వెళ్ళిన కుర్రాడొకడు ఉన్నాడు. సొంతూరు ఉద్దానంలో. నిమ్మాడలో మేనమామ ఇంట్లో ఉంటూ తెల్లవారకముందే లేచి రోడ్డు పక్కన పరుగు తీసేవాడు. 1600 మీటర్ల పరుగు ఆరు నిమిషాల దగ్గర ఆగిపోయింది, అంతకంటే తగ్గడం లేదు. తోటివాడెవడో "డి తాగరా, కాళ్ళల్లో బలం వస్తుంది" అన్నాడట. మందుల దుకాణంలో చీటీ లేకుండానే 60,000 యూనిట్ల పొట్లాలు ఇచ్చారు. అది వారానికి ఒకటి వేసుకునే మందు. ఆ మాట ఎవరూ చెప్పలేదో, చెప్పినా వీడు వినలేదో గానీ, రోజుకొకటి చొప్పున పాలలో కలుపుకొని నలభై రోజులు తాగాడు.

ఒకరోజు వాళ్ళమ్మ బడికి వచ్చింది. "మాస్టారూ, మా గుంటడు బిందెడు నీళ్ళు తాగతన్నాడు, అన్నం చూస్తే వాంతి అంటన్నాడు, పరుగు మాట దేవుడెరుగు, మంచం దిగడం లేదు" అంది. నేను మొదట షుగరేమో అనుకున్నాను. ఆమె భయం వేరు. ఆ ఇంట్లో తాత డయాలసిస్ మీద ఉన్నాడు. ఉద్దానంలో ఆ భయం ఎలాంటిదో మీకు చెప్పనక్కర్లేదు. ఆస్పత్రిలో పరీక్ష చేస్తే రక్తంలో కాల్షియం బాగా ఎక్కువగా ఉంది, క్రియాటినిన్ కూడా పెరిగింది. ఏమైనా మందులు వాడుతున్నావా అని డాక్టరు గారు అడిగితే లేదన్నాడు. అబద్ధమాడలేదు. తరువాత నాతో అన్న మాట ఇది: "విటమిన్ మందు కాదు కదా మాస్టారూ!"

నలభై పొట్లాలంటే ఇరవై నాలుగు లక్షల యూనిట్లు. ఐసీఎంఆర్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి రోజుకు కావలసింది 600 యూనిట్లు. రోజుకు 4000 దాటకూడదు. అంటే వాడు నలభై రోజుల్లో దాదాపు పదకొండేళ్ళ విటమిన్ తాగేశాడు. పొట్లాలు ఆపించి, సెలైన్లు పెట్టి, నెలల తరబడి రక్తపరీక్షలు చేయించాక క్రియాటినిన్ దిగింది. ఆ ఏడాది ర్యాలీ మాత్రం తప్పిపోయింది.

ఇక పాఠంలోకి వద్దాం.

విటమిన్ డి పేరుకే విటమిన్. మిగతా విటమిన్లు తిండిలోంచి రావాలి, దీన్ని మన చర్మమే తయారు చేసుకుంటుంది. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో బి రకం కిరణాలు చర్మం మీద పడితే, అక్కడున్న కొలెస్ట్రాల్ వంటి పదార్థం విటమిన్ డిగా మారుతుంది. అలా తయారైంది నేరుగా పనికిరాదు. కాలేయానికి వెళ్ళి ఒకసారి మారుతుంది. రక్తపరీక్షలో కొలిచేది ఈ దశలో ఉన్నదాన్నే. తరువాత మూత్రపిండాలకు చేరి రెండోసారి మారితే గానీ పనిచేసే రూపం రాదు. ఈ రెండో మార్పు జరిగేది ప్రధానంగా కిడ్నీలోనే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

ఆ పనిచేసే రూపం ముఖ్యంగా చేసేదేమిటంటే, తిన్న తిండిలోని కాల్షియాన్ని పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కించడం. ఎముక గట్టిపడాలన్నా, కండరం ముడుచుకోవాలన్నా కాల్షియం కావాలి. అందుకే విటమిన్ డి బాగా తగ్గిపోయినవాళ్ళకు ఎముకల్లో నొప్పులు, తొడలు, భుజాల కండరాల్లో నీరసం వస్తాయి. మెట్లెక్కలేరు. కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేరు. నమాజులో సజ్దా నుంచి లేచి నిలబడడానికి గోడ వెతుక్కునేవాళ్ళలో అందరిదీ వయసు నొప్పి కాదు, కొందరిది ఈ లోపం. అలాంటివారికి డాక్టరు చెప్పిన మోతాదులో విటమిన్ ఇస్తే నిజంగానే సత్తువ వస్తుంది. మన దాత గారు అలా ఎవరినో కళ్ళారా చూసే ఆ ప్రతిపాదన తెచ్చి ఉంటారు. ఆ మాటలో తప్పులేదు.

ప్రశ్న వేరు. లోపంతో మూలుగుతున్న మనిషి సంగతి కాదు మనది. ఇరవై ఏళ్ళ వయసులో రోజూ పరుగు తీసే కుర్రాడికి అదే ఇస్తే ఇంకా వేగంగా పరిగెడతాడా?

ఈ ప్రశ్నను మన దేశంలోనే పరీక్షించారు. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు విటమిన్ డి తక్కువగా ఉన్న నలభైమంది యువతీయువకుల మీద ఒక అధ్యయనం చేసి 2010లో ప్రచురించారు. విటమిన్ డి, కాల్షియం కలిపి ఆరు నెలలు ఇచ్చాక చేతిపట్టు, పిక్కల బలం పెరిగాయి, ఆరు నిమిషాల్లో నడిచే దూరం కూడా పెరిగింది. ఇది చదివితే ఎవరికైనా పొట్లాలు పంచాలనే అనిపిస్తుంది. అదే సంస్థ అంతటితో ఊరుకోలేదు. ఈసారి 173 మంది యువతులను తీసుకున్నారు. సగటు వయసు ఇరవై రెండు లోపే. అందరికీ విటమిన్ డి బాగా తక్కువ. వాళ్ళను నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు విటమిన్ డి, ఒక జట్టుకు కాల్షియం, ఒక జట్టుకు రెండూ, మిగిలిన జట్టుకు మందు లేని ఉత్తి పొట్లాలు. ఎవరికి ఏది అందుతోందో ఇచ్చేవాళ్ళకూ తెలియదు, తీసుకునేవాళ్ళకూ తెలియదు. ఆరు నెలల తరువాత రక్తంలో విటమిన్ పెరిగింది, కండరాల బలంలో మాత్రం జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2012లో ఆ ఫలితాన్నీ ప్రచురించారు. ముందు తాము చెప్పినదానికి ఎదురుగా వచ్చిన ఫలితాన్ని దాచకుండా బయటపెట్టడం నాకు నచ్చింది. మా పిల్లలకు శాస్త్రీయ దృక్పథం పాఠం చెప్పేటప్పుడు ఈ రెండు అధ్యయనాలనే ఉదాహరణగా చెబుతుంటాను.

బయటి దేశాల్లోనూ కథ ఇలాగే నడిచింది. ఇంగ్లండులో లివర్‌పూల్ పరిశోధకులు చాలా కొద్దిమంది క్రీడాకారులకు ఎనిమిది వారాలు రోజుకు 5000 యూనిట్లు ఇస్తే పది మీటర్ల పరుగు, నిలువు దూకుడు మెరుగుపడ్డాయి. అదే బృందం ముప్ఫైమందితో పన్నెండు వారాలు చేస్తే ఏ తేడా కనబడలేదు.

మన కుర్రాళ్ళకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది బ్రిటిష్ సైన్యంలో కొత్తగా చేరినవారి మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనం. ముందు 967 మందికి రక్తపరీక్ష చేసి, మైలున్నర పరుగు పెట్టారు. రక్తంలో విటమిన్ డి ఎక్కువ ఉన్నవాళ్ళే కాస్త వేగంగా పరిగెత్తారు. ఇక్కడితో ఆగితే, విటమిన్ తాగితే పరుగు పెరుగుతుందని చెప్పేయవచ్చు. దుకాణాల ప్రకటనలు ఇక్కడే ఆగుతాయి. వాళ్ళు ఆగలేదు. తరువాత 137 మందిని తీసుకొని శీతాకాలంలో పన్నెండు వారాల పాటు కొందరికి విటమిన్ బిళ్ళలు, కొందరికి దీపాలతో కృత్రిమ ఎండ ఇచ్చి, మిగతావాళ్ళకు ఉత్తివి ఇచ్చారు. విటమిన్ అందుకున్నవాళ్ళ రక్తంలో అది చాలినంత స్థాయికి వచ్చింది. పరుగు, బలం మాత్రం ఉత్తివి తీసుకున్నవాళ్ళ కంటే మెరుగుపడలేదు.

మరి మొదట కనబడిన సంబంధం ఏమైనట్టు? మా తరగతిలో అడిగితే ఒక పిల్లవాడు ఠక్కున చెప్పాడు: "బయట ఎక్కువ పరిగెత్తేవాడికి ఎండ ఎక్కువ తగులుతుంది కదండీ." చాలావరకు అదే అయ్యుండాలి. పరుగు వల్ల విటమిన్ వచ్చిందే గానీ, విటమిన్ వల్ల పరుగు రాలేదు. ఈ చిన్న తిరకాసును పట్టుకోలేకే మనం చాలా డబ్బాలు కొంటాం.

ఒకచోట మాత్రం లాభం తేలింది. అమెరికా నౌకాదళంలో శిక్షణ పొందుతున్న 5201 మంది యువతుల్లో సగంమందికి ఎనిమిది వారాలు రోజుకు 2000 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. ఎముకల్లో సన్నపగుళ్ళు వచ్చినవారు ఆ జట్టులో ఇరవై శాతం తక్కువ. ఇది 2008లో వచ్చింది. ఒక్కసారిగా పరుగు పెంచేసినవాళ్ళకు మోకాలి కింద ఎముక నొప్పి పుట్టి, అశ్రద్ధ చేస్తే పగులుదాకా పోతుంది. మన కుర్రాళ్ళు సగంమంది ఆ నొప్పితోనే ఎంపికకు వెళుతున్నారు. కాబట్టి విటమిన్ డి, కాల్షియం చాలినంత ఉండడం ఎముక కోసం అవసరమే. గడియారం ముల్లును మాత్రం అవి వెనక్కి తిప్పవు. ఇంకో సంగతి: ఆ యువతులకు ఇచ్చింది రోజుకు 800 యూనిట్లు, 60,000 కాదు.

(సత్తువ మాట వచ్చింది కాబట్టి ఒకటి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీతో గొలుసులు తెంచి దేశమంతా పేరు తెచ్చుకునేనాటికి ఈ విటమిన్‌కు పేరే పెట్టలేదు. అమెరికా శాస్త్రవేత్త మెక్‌కాలం దీనికి డి అని పేరు పెట్టింది 1922లో.)

"సరే మాస్టారూ, మన పిల్లలకు ఎండకేం తక్కువ? లోపమే ఉండదు కదా" అని అడుగుతారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తిరుపతిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ గారి బృందం పల్లెల్లో, పట్నంలో ఆరోగ్యంగా ఉన్నవారికి పరీక్షలు చేసి 2007లో ప్రచురించిన లెక్కలు చూసి ఆశ్చర్యపోయాను. మిల్లీలీటరు రక్తానికి 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపం అనుకుంటే, పల్లెల్లో మగవారిలో 44 శాతం, ఆడవారిలో 70 శాతం మందికి లోపం ఉంది. పట్నంలో మగవారిలో 62, ఆడవారిలో 75 శాతం. తిండిలో కాల్షియం తక్కువగా ఉండడం, ధాన్యంలోని ఫైటేట్ ఎక్కువగా ఉండి ఉన్న కాల్షియాన్నీ పట్టనివ్వకపోవడం కూడా ఆ బృందమే చూపించింది.

కారణం ఎండ లేకపోవడం కాదు, ఎండవేళకు మనం నీడలో ఉండడం. పొద్దున్న లేత ఎండలో విటమిన్ డి వస్తుందని పెద్దలు చెబుతారు. పసిపిల్లలకు నూనె రాసి కూర్చోబెడతారు కూడా. పొద్దు వాలుగా ఉన్నప్పుడు ఆ బి రకం కిరణాలు గాలిపొరల్లోనే చాలావరకు ఆగిపోతాయి. తిరుపతి బృందమే ఎండలో ఏ వేళ విటమిన్ బాగా తయారవుతుందో చూసి, పదకొండు నుంచి రెండు వరకు అని తేల్చింది. దీనికి నేను పిల్లలకు చెప్పే గుర్తు ఒకటుంది. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే విటమిన్ తయారవుతుంది, పొడుగ్గా ఉంటే పెద్దగా ఉండదు. కిటికీ అద్దం వెనక కూర్చున్నా లాభం లేదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది.

ఇప్పుడు మన కుర్రాళ్ళ దినచర్య చూడండి. చీకటితో లేచి ఆరు గంటలకల్లా పరుగు ముగిస్తారు. పగలంతా కోచింగు గదిలో, లేదంటే ఫ్యాను కింద పుస్తకాలతో. మళ్ళీ సాయంత్రం అయిదు దాటాక మైదానం. రెండు పూటలా బయటే ఉన్నారు, రెండు పూటలా నీడ పొడుగే. వాళ్ళకంటే వజ్రపుకొత్తూరులో కొబ్బరికాయలు దించే మనిషి నయం.

ఆడపిల్లల సంగతి ఇంకా వెనకబడి ఉంది. పలాస జీడిపప్పు పరిశ్రమల్లో పప్పు ఒలిచే అమ్మలు పొద్దున్నే షెడ్డులోకి వెళితే సాయంత్రానికి బయటపడతారు. మన ఇళ్ళలో ఆడపిల్లలు మిషను కుట్టుకుంటూ లోపలే ఉంటారు, బయటికొస్తే ఒళ్ళంతా కప్పుకొని వస్తారు. పరదా వద్దని నేను అనడం లేదు. డాబా మీదో, పెరట్లోనో చుట్టూ తడిక కట్టుకుంటే చేతులు, కాళ్ళు, ముఖం మీద వారానికి మూడు నాలుగు రోజులు ఓ పావుగంట, ఇరవై నిమిషాలు ఎండ తగలనివ్వవచ్చు. నలుపు తిరిగిన ఒంటికి ఇంకొంచెం సేపు పడుతుంది. వేసవిలో వడదెబ్బ రోజుల్లో మాత్రం ఇది వద్దు. నిజానికి విటమిన్ డి మీద పెట్టే డబ్బు ఎవరికైనా ముందు అవసరమైతే, మైదానంలో ఉన్నవాడి కంటే ఇంట్లో ఉన్న వాడి అక్కకు, అమ్మకు అవసరం. మన జాబితాలో వాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

ఇక కిడ్నీ సంగతి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు ఇళ్ళలో కిడ్నీ జబ్బు ఎందుకు ఇంత ఉందో కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. నీళ్ళు, ఎండలో పనిచేస్తూ ఒంట్లో నీరు తగ్గిపోవడం, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, అన్నిటినీ పరిశీలిస్తున్నారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి మొదలయ్యాయి. మనకు కావలసిన విషయం ఒకటే: ఈ జబ్బు మొదట్లో చప్పుడు చెయ్యదు. కాళ్ళు వాచేనాటికి కిడ్నీ చాలావరకు పోయి ఉంటుంది. ఉద్దానం ఇంట్లోంచి వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాడు పైకి ఉక్కులా కనిపించవచ్చు. లోపల క్రియాటినిన్ ఎంతుందో పరీక్ష చేస్తే తప్ప తెలియదు.

విటమిన్ సి ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. డి అలా పోదు. కొవ్వులో దాక్కుంటుంది, నెలల తరబడి ఉంటుంది. మితిమీరితే కాల్షియం రక్తంలో నిండిపోయి, కిడ్నీ దాన్ని తోడలేక అలసిపోతుంది. మూత్రం ఎక్కువగా పోతుంది, ఒళ్ళు ఎండిపోతుంది, కిడ్నీలోనే సున్నంలా పేరుకుంటుంది. శ్రీనగర్‌లోని షేర్-ఎ-కాశ్మీర్ సంస్థ వైద్యులు 2011లో ఇలాంటి పదిమంది కథ ప్రచురించారు. వాళ్ళ ప్రాంతంలో లోపం ఎక్కువని అందరికీ తెలుసు, అందువల్లే ఇంజెక్షన్లు విచ్చలవిడిగా ఇచ్చేశారు. వాంతులు, అతిమూత్రం, మలబద్ధకం, మనసు తెలియకపోవడం, కిడ్నీ దెబ్బతినడం. మా కుర్రాడి లక్షణాలకూ వీటికీ పెద్ద తేడా లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి కూడా డాక్టర్లు విటమిన్ డి ఇస్తారు, నిజమే. అది రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్ చూసుకుంటూ, చాలాసార్లు వేరే రూపంలో ఇచ్చే మందు. అదీ ఇదీ ఒకటి కాదు.

నొప్పి బిళ్ళల మాట ఇందాక అన్నాను. పరుగు కుర్రాళ్ళ జేబుల్లో డైక్లోఫెనాక్ బిళ్ళలు నేను చూశాను. పరగడుపున, నీళ్ళు తాగకుండా, బిళ్ళ వేసుకొని పరుగు. విటమిన్ కంటే ముందు మాన్పించవలసింది అది.

అయితే మన డబ్బు ఎక్కడ పెట్టాలి? నా ప్రతిపాదన ఇది. ముందు పాతికమందికీ క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయిద్దాం. ఇవి చవక పరీక్షలు. విటమిన్ డి పరీక్ష ఖరీదైనది, అందరికీ అక్కర్లేదు. ఎముక నొప్పి ఉన్నవాళ్ళకు, తరచుగా నీరసపడేవాళ్ళకు డాక్టరు చెబితే చేయిద్దాం. లోపం తేలినవారికి డాక్టరు చీటీ మీదే మందు కొందాం. పొట్లాలు ఒక్కసారిగా చేతికివ్వకుండా, జుమా రోజున ఒక్కొక్కటి మన కార్యాలయంలోనే వేయిస్తే వారానికొకటి అన్న లెక్క తప్పదు. ఎనిమిది జుమాలు, ఎనిమిది పొట్లాలు, ఆ తరువాత డాక్టరు ఏం చెబితే అది.

మిగిలిన డబ్బు తిండికి. కుర్రాళ్ళు పొద్దున్న టీ, బిస్కెట్టు మీద పరుగు తీస్తున్నారు. రోజుకు రెండు గుడ్లు, గ్లాసు పాలు, చోడి అంబలి ఇస్తే చాలు. వంద గ్రాముల చోడిపిండిలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానికి ఎక్కడా పోలిక లేదు. భావనపాడు, బారువ నుంచి కవళ్ళు, కానాగంతలు చవకగా వచ్చే రోజుల్లో వారానికి రెండుసార్లు చేపల కూర. తిండిలో విటమిన్ డి ఉండే కొద్ది పదార్థాల్లో ఈ నూనె చేపలు ముందుంటాయి. జీడిపప్పులో అది లేదు, మన ఊరి పంట అయినా సరే.

ఒక దాత గారు విడిగా అడిగిన ప్రశ్నకు ఇక్కడే సమాధానం. డి3 అనే రకం ఎక్కువగా గొర్రె ఉన్నికి అంటుకుని ఉండే మైనం నుంచి తీస్తారు. మెత్తటి గొట్టాల తొడుగు జెలటిన్‌తో చేస్తారు, అది ఏ జంతువుదో డబ్బా మీద తరచుగా ఉండదు. పొడి పొట్లాలకు ఆ తొడుగు ఉండదు. డి2 అనే రకం శిలీంధ్రాల నుంచి వస్తుంది. ఏది వాడవచ్చో మన మౌలానా గారిని అడిగి తీసుకుందాం, అది నా పాఠం పరిధి కాదు.

పాతికమంది పేర్లు, ఊళ్ళు, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవారెవరైనా ఉన్నారా అన్న వివరం నేను రాసిపెట్టాను. తొమ్మిదిమంది ఇళ్ళలో ఉంది. ముందు ఈ తొమ్మిదిమందికి పరీక్షలు చేయించడానికి వచ్చే సమావేశంలో అనుమతి కోరుతున్నాను. మా పాత కుర్రాడు రక్తం తీయించుకోవడానికి వాళ్ళకు తోడుగా వస్తానన్నాడు. ఈసారి ర్యాలీకి వాడూ పరుగు తీస్తున్నాడు. పోయిన వారం 1600 మీటర్లు 5 నిమిషాల 40 సెకన్లు.